18 దాటాక ఎవరి బిడ్డలు? టైప్ 1 షుగర్‌తో బతుకుతున్న మన పల్లెల యువత

బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు షుగర్ ఉండేది. కాళ్ల నొప్పులతో నిద్ర పట్టని రోజుల్లోనే ఆయన రాజ్యాంగ రచన సాగించారు. 1948 ఏప్రిల్ 15న ఆయన పెళ్లి చేసుకున్న సవితా అంబేడ్కర్ స్వయంగా డాక్టర్. ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ కోసం 1956లో రాసుకున్న ముందుమాటలో, జబ్బుపడిన తనను నిలబెట్టింది భార్య, డాక్టర్ మాల్వంకర్ అని ఆయన కృతజ్ఞతతో చెప్పుకున్నారు. అంతటి మనిషికి కూడా మందు ఒక్కటే సరిపోలేదు. జబ్బు సంగతి తెలిసిన మనిషి పక్కన ఉండాల్సి వచ్చింది.

ఆయనది నడివయసులో బయటపడ్డ షుగర్. కొత్తపట్నం మండలంలోని ఒక మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో 19 ఏళ్లకే టైప్ 1 షుగర్‌తో బతుకుతున్న అమ్మాయికి, అబ్బాయికి పక్కన ఎవరున్నారు? ఇదే మా ప్రశ్న.

టైప్ 1 తిండి వల్ల వచ్చేది కాదు, తల్లిదండ్రుల తప్పు వల్ల వచ్చేదీ కాదు. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. ఇక బతికినంత కాలం రోజూ ఇన్సులిన్ వేసుకోవాల్సిందే. ఆపేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మొదటి ఇన్సులిన్ ఇంజెక్షన్ 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల కుర్రాడికి ఇచ్చారు. మరుసటి ఏడాది, ఇది అందరికీ అందాలని, కనిపెట్టినవాళ్లు పేటెంటు హక్కును ఒక్కో డాలరుకే విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. వందేళ్లు గడిచాయి. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో టైప్ 1 ఉన్నవాళ్లు సుమారు 8.6 లక్షలు.

మధ్యలో వదిలేసిన వయసు

పిల్లల ఆరోగ్యం కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్లతో ఆగిపోతుంది. షుగర్, బీపీల జాతీయ కార్యక్రమంలో ఊరూరా చేసే పరీక్షలు 30 ఏళ్లు నిండినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రూపొందాయి. కేరళ ప్రభుత్వం టైప్ 1 కోసమే ‘మిఠాయి’ పథకం తెచ్చింది. మెచ్చుకోవాల్సిందే. కానీ అది కూడా 18 ఏళ్లలోపు పిల్లల కోసం మొదలైనదే.

18 నుంచి 30 మధ్య ఏం జరుగుతుంది? ఇల్లు వదిలి హాస్టల్‌కు వెళ్తారు. కూలికి, ఉద్యోగానికి వెళ్తారు. పెళ్లి మాటలు మొదలవుతాయి. అమ్మ గుర్తుచేసే ఇంజెక్షన్ తామే గుర్తుపెట్టుకోవాలి. జబ్బును సొంతంగా మోయాల్సిన వయసు మొదలైన చోటే ప్రభుత్వం చెయ్యి వదిలేస్తోంది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో తలసీమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ ఉన్నాయి, టైప్ 1 లేదు. ఆ మూడు జబ్బులకు మన రాష్ట్రం పింఛను కూడా ఇస్తోంది. ఇవ్వాల్సిందే. రోజూ సూదితోనే ప్రాణం నిలుపుకునేవాళ్లను ఎందుకు వదిలేశారన్నదే మేం అడుగుతున్నది.

కూలి లెక్క

జబ్బుకు కులం లేదు. దాన్ని తట్టుకునే వనరులకు ఉంది.

రోజుకు నాలుగుసార్లు రక్తంలో షుగర్ చూసుకోవాలి. స్ట్రిప్ ఒక్కోటి 15 రూపాయలనుకున్నా నెలకు 1,800. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307. అంటే ఇన్సులిన్, సూదులు, బస్సు చార్జీలు కలపకుండానే, పరీక్షలకే ఆరు రోజుల కూలి పోతుంది.

మిరపకోతల రోజులు చూడండి. తెల్లవారకముందే ఆటో ఎక్కాలి. అన్నం ఎప్పుడు తినాలో మేస్త్రి చెబుతాడు. ఎండలో వంగి కోస్తుంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక. వెంటనే మూడు చెంచాల పంచదార నోట్లో పడితే మనిషి తేరుకుంటుంది. పక్కన కోస్తున్న ఆమెకు ఈ సంగతి తెలియకపోతే ‘ఎండదెబ్బ’ అనో ‘గాలి సోకింది’ అనో చూస్తూ ఉండిపోతారు.

నేర్పడం కూడా వైద్యమే

షుగర్‌ను గట్టిగా అదుపులో ఉంచితే కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గుతుందని 1993లో అమెరికా పరిశోధన తేల్చింది. ఆ అదుపు డాక్టర్ గదిలో కాదు, రోజూ ఇంట్లో జరగాలి. 1970ల చివర్లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ వైద్యులు రోగులను గుంపుగా కూర్చోబెట్టి, తిండిని బట్టి మోతాదు మార్చుకోవడం ఐదు రోజుల పాటు నేర్పారు. తర్వాత బ్రిటన్ ఆ పద్ధతిని తీసుకుంది.

మన దగ్గర ఆ శిక్షణ మన బతుకు నుంచే మొదలవ్వాలి. కూలికి వెళ్లే రోజు మోతాదు ఎలా మార్చాలో డాక్టర్ దగ్గర ముందే రాయించుకోవాలి. జ్వరమొచ్చి అన్నం తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో కుండలో కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక పోసి సీసాను చల్లగా ఉంచుకోవచ్చు. భారత వైద్య పరిశోధనా మండలి 2022 జూన్‌లో టైప్ 1 మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి తెలుగులో, పల్లెకు అందాలి.

ఇక మాటసాయం. హాస్టల్ బాత్రూంలో దాక్కుని సూది వేసుకునే కుర్రాడికి, పెళ్లి చెడిపోతుందని జబ్బు దాచమన్న ఇంట్లో పెరిగే అమ్మాయికి, తనలాంటి ఇంకొకరిని కలవడమే సగం బలం. దాచిన జబ్బుకు ఆపదలో సాయం అందదు.

మనం చేయగలిగింది, అడగాల్సింది

1937లో ఇదే కొత్తపట్నంలో యువకుల కోసం వేసవి రాజకీయ పాఠశాల పెట్టారు. అందులో మన వాడల వాళ్లకు ఎంత చోటు దక్కిందన్నది వేరే చర్చ. కలిసి కూర్చుని నేర్చుకోవడం ఈ తీరానికి కొత్త కాదు. 1985లో కారంచేడు బాధితులు చీరాలకు చేరినప్పుడు, పక్కన నిలబడటమంటే ఏమిటో మన ఉద్యమం చేసి చూపింది. విద్యార్థి సంఘాలు ప్రతి హాస్టల్‌లో ఇద్దరికి షుగర్ పడిపోయినప్పుడు ఏం చేయాలో నేర్పవచ్చు. నెలకోసారి ఒంగోలులో టైప్ 1 యువతను కలపవచ్చు. దీనికి జీవో అక్కర్లేదు.

జీవో కావాల్సినవి వేరే ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే వయసు పరిమితి లేకుండా ఇన్సులిన్, స్ట్రిప్‌లు ఇవ్వాలి. జిల్లా ఆసుపత్రిలో వారానికో రోజు టైప్ 1 క్లినిక్, అందులో తెలుగులో నేర్పే శిక్షకురాలు ఉండాలి. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఫ్రిజ్, వేళకు భోజనం ఉండాలి. పరీక్ష హాల్లోకి గ్లూకోజ్ బిళ్లలు తీసుకెళ్లడానికి సీబీఎస్ఈ 2017లోనే అనుమతించింది. రాష్ట్ర బోర్డులు, విశ్వవిద్యాలయాలు, నియామక పరీక్షలు కూడా ఇదే మాట రాతపూర్వకంగా చెప్పాలి.

డబ్బు లేదనడానికి వీల్లేదు. 2013 నాటి సబ్‌ప్లాన్ చట్టం గడువును 2023లో మరో పదేళ్లు పొడిగించారు. ఎస్సీల పేరుతో కేటాయించే నిధిలో మన పిల్లల ఇన్సులిన్‌కు వాటా అడగడం దానం కోరడం కాదు, హక్కు అడగడం. వచ్చే బడ్జెట్ చర్చల్లోపు ఈ డిమాండ్ల పత్రం మన సంఘాల చేతుల మీదుగా కలెక్టరేట్‌కు చేరాలి.