సుఖవిరేచనం మందు – చోటు మారని మచ్చ

డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే మనవాళ్ళు బీ.పీ., షుగరు మాత్రలు చెబుతారు. సుఖవిరేచనానికి వేసుకునేది చెప్పరు. మా బ్యాంకు భాషలో అది పద్దు పుస్తకానికెక్కని ఖర్చు!

1980ల్లో మా పెదనాన్నగారు రాత్రిపూట అలాంటి సీసా మందు తాగేవారు. పెదవి పక్కన నల్లమచ్చ. తామర మందు రాశారు, తగ్గలేదు. కుష్టేమోనని భయపడి మనవలను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మానేశారు. చివరికి ఒక చర్మవైద్యుడు సీసా తెప్పించి చూశాడు. అందులో ఫినాఫ్తలీన్ ఉంది.

స్కూలు లాబొరేటరీలో సున్నపునీటిని గులాబీరంగు చేసే మందు గుర్తుందా? అదే ఇది. పడనివారికి రూపాయి బిళ్ళంత మచ్చ ఎర్రగా, ఊదాగా లేస్తుంది. దురద, మంట, ఒక్కోసారి బొబ్బ. తగ్గాక నల్లని గుర్తు నెలల తరబడి ఉంటుంది. మళ్ళీ మందు పడితే కొన్ని గంటల్లోనే సరిగ్గా అదే చోట లేస్తుంది. అదే దాని ఆనవాలు. దీన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. అంటుకునేది కాదు.

1999లో అమెరికాలో చీటీ లేకుండా అమ్మే మందుల్లోంచి ఫినాఫ్తలీన్‌ను తీసేయించారు. మచ్చల కోసం కాదు, ఎలుకలకు కంతులు లేచాయని! అయితే కొన్ని నొప్పి మాత్రలు, సల్ఫా మందులు కూడా ఇలాంటి మచ్చలే తెస్తాయి.

మచ్చ లేస్తే ఆ మధ్య మింగినవన్నీ, మలబద్ధకం మందుతో సహా, కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. అవునో కాదో తేల్చుకుందామని ఇంట్లో మళ్ళీ వేసుకుని చూడకండి.