తాళం ఇవ్వనన్నాను

మొన్న సంక్రాంతికి కాకినాడలో మా అత్తగారింట్లో అందరం కలిశాం. భోజనాలయ్యాక మా మరిది షెడ్డులోకి వెళ్ళి మామయ్యగారి మారుతి 800 మీదున్న టార్పాలిన్ లాగేశాడు. 2006 మోడల్. మామయ్యగారు పోయిన ఈ మూడేళ్ళలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. "కేబుల్ వేసి సెల్ఫ్ కొడితే అదే లేస్తుంది. తాళం ఇవ్వండి వదినా" అన్నాడు. ఇవ్వనన్నాను. "తెలుగు బి.ఏ.లో ఇంజన్లు కూడా చెప్పారా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా వారు కూడా.

ఇంజన్లు చెప్పలేదండీ. కానీ మా అమ్మ కుట్టుమిషన్ నేర్పింది. ఏడాదిగా మూలపడ్డ మిషన్ని ఎక్కి తొక్కేస్తామా? ముందు దుమ్ము దులుపుతాం, నూనె వేస్తాం, చేత్తో చక్రం మెల్లగా తిప్పి చూస్తాం. పట్టేసిందనిపిస్తే ఆగుతాం. కారుకైనా ఇదే.

నడుస్తున్న ఇంజన్లో ఆయిల్ పంపు ప్రతి భాగానికీ ఆయిల్ అందిస్తుంది. ఆపేశాక అది మెల్లగా అడుగునున్న సంపులోకి దిగిపోతుంది. ఏళ్ళ తరబడి కదలకపోతే సిలిండర్ గోడలు పొడిబారతాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో తుప్పు కూడా పట్టొచ్చు. అప్పుడు ఒక్కసారిగా సెల్ఫ్ కొడితే, ఆయిల్ పైకి చేరేలోపే ఇనుముకి ఇనుము రాసుకుంటుంది. బండి స్టార్ట్ అవుతుంది, చప్పట్లు కొడతాం. గీతలు మాత్రం లోపల ఉండిపోతాయి. కొన్నాళ్ళకి నీలంపొగ వస్తే "పాత బండి కదా" అంటాం. మన తొందర ఎవరికీ గుర్తుండదు.

ఇక పెట్రోలు. అది నిలవుంటే పాడవుతుంది, జిగురుగా మారుతుంది. ఇప్పటి పెట్రోల్లో కలిసే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ఆ నీరు ట్యాంకు అడుగున చేరి తుప్పుకి దారి తీస్తుంది.

కనుమ వెళ్ళాక మెకానిక్‌ని పిలిచాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే కొబ్బరిపీచు, పాత గుడ్డపేలికలతో ఎలుక గూడు! ఫిల్టర్ సగం కొరికేసి ఉంది. మరిది మాట విని సెల్ఫ్ కొట్టి ఉంటే ఆ పీచంతా ఇంజన్ పీల్చుకునేది. అప్పుడెవరూ నవ్వలేదు.

అతను చేసిన పని వరసగా చెప్తాను, మీకు పనికొస్తుంది. ఎలుకలు వైర్లు కొరికాయేమో చూశాడు. చచ్చిన బ్యాటరీ తీసేశాడు. ట్యాంకు ఖాళీ చేసి పెట్రోల్ ఫిల్టర్ మార్చాడు. పాత ఆయిల్ దింపి, కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేశాడు. మూడు ప్లగ్గులూ విప్పి ఒక్కో సిలిండర్లో కాస్త ఆయిల్ పోసి రాత్రంతా వదిలేశాడు. మర్నాడు కింది పుల్లీకి పానా పెట్టి ఇంజన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. ఎక్కడా పట్టలేదు. టైమింగ్ బెల్టు, హోసులు చూసి, బెల్టు మార్చాల్సిందేనన్నాడు. రబ్బరు నడవకపోయినా ముసలిదవుతుంది. కూలెంట్ మార్చాడు. కొత్త బ్యాటరీ పెట్టి, ప్లగ్గులు బిగించకుండానే, పెట్రోలూ కరెంటూ ఆపి, ఆయిల్ దీపం ఆరేదాకా కాస్త కాస్తగా సెల్ఫ్ కొట్టాడు. ఆ తర్వాతే ప్లగ్గులు బిగించి, కొత్త పెట్రోలు పోసి, బండిని ఆరుబయటికి తోయించి స్టార్ట్ చేశాడు. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపితే ఆ పొగ ప్రాణం తీస్తుంది. రేస్ చెయ్యనివ్వలేదు. బ్రేకులు, టైర్లు చూశాకే గేటు దాటనిచ్చాడు.

"పూర్వం అంబాసిడర్‌కి హ్యాండిల్ వేసి తిప్పేసేవాళ్ళం, ఇంత తతంగం లేదు" అన్నారు మా పెదమామయ్య. ఆ హ్యాండిల్ తిప్పేది చేత్తోనే కదండీ! పట్టేస్తే చేతికి తెలిసేది. సెల్ఫ్ మోటారుకి ఏం తెలుస్తుంది?

"వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే చాలు" అనే సలహా ఇంకోటి. చాలదు. ఐదు నిమిషాల్లో ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరైపోదు, ఆయిల్లోనే ఉండిపోతుంది. బ్యాటరీ కూడా ఖర్చయినంత నిండదు. నడిపితే అరగంట రోడ్డు మీద నడపండి. లేదంటే ముట్టుకోకండి.

నా అసలు కోపం మరిది మీద కాదు. "నాన్నగారి గుర్తు, అమ్మం" అని ముగ్గురు కొడుకులూ అన్నారు. మూడేళ్ళలో ఒక్కరూ బానెట్ ఎత్తలేదు. తాళం నా బీరువాలోనే ఉంది, నేనూ ఎత్తలేదు. అమ్మకపోవడమే ప్రేమ అనుకున్నాం. మామయ్యగారు ప్రతి ఆదివారం ఆ బండి తుడిచేవారు, ఆయిల్ మార్చిన తేదీ డైరీలో రాసుకునేవారు. ప్రేమంటే అది. మనం చేసింది టార్పాలిన్ కప్పడం. అలా కప్పేసిన ఇళ్ళు, పొలాలు, వీణలు ఎన్ని లేవు మన కుటుంబాల్లో!

చూసుకోలేకపోతే, నడుపుకునేవాళ్ళకి అమ్మేయండి. ఉంచుకుంటే పూచీ ఎవరిదో పేరు పెట్టండి. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ కొత్తగా చేయించుకోవాలి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు లేకుండా గేటు దాటకూడదు. వీటికీ ఒక మనిషి కావాలి.

మా ఇంట్లో ఆ మనిషిని ఇప్పుడు నేనే. మామయ్యగారి డైరీలో చివరి తేదీ కింద ఆయిల్ మార్చిన తేదీ నా చేత్తో రాశాను. మరిది వెళ్తూ, "వదినా, వేసవికొస్తే తాళం ఇస్తారా?" అని అడిగాడు. ముందు ఆ డైరీ చదవమన్నాను.