మ్యాచ్ ఒకరోజు... సముద్రం మరోరోజు!

విశాఖ క్రికెట్ యాత్ర కరవు సీమ అభిమానికి ఎంత దూరం? ఎంత భారం?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం:

భారతదేశ పటంపై హిందూపురం నుంచి తూర్పునకు ఒక గీత, పడమరకు మరో గీత గీస్తే రెండూ సుమారు 300 కిలోమీటర్ల దూరంలో సముద్రాన్ని తాకుతాయి. ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు అరేబియా సముద్రం. రెండింటికీ నడుమ, రెండు రుతుపవనాల వానకూ అంతంతమాత్రంగా నోచుకున్న నేల మనది. చెరువు మరవ పారితే ఊరంతా కదిలివెళ్లి గంగపూజ చేసే ఈ ప్రాంతవాసికి సముద్రం అనేది జీవితంలో ఒకటి రెండుసార్లు చూసే వింత. ఇక అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ అంటారా, అది టీవీలో చూసేదే తప్ప ఊరికి వచ్చేది కాదు. ఈ రెండు కోరికలూ ఒకే యాత్రలో తీరే చోటు రాష్ట్రంలో ఒక్కటే ఉంది. అది విశాఖపట్నం.

అందుకే విశాఖలో పెద్ద మ్యాచ్ ఖరారైందన్న వార్త వెలువడగానే ఇక్కడి అభిమానుల లెక్కలు మొదలవుతాయి. సెలవులెన్ని, రైలెప్పుడు, గది ఎక్కడ, చేతిలో ఎంత ఉంది అన్న ప్రశ్నలు చుట్టుముడతాయి. పెనుకొండ సమీపంలోని కార్ల పరిశ్రమలో షిఫ్టులు మార్చుకునే కార్మికుడికైనా, ధర్మవరంలో మగ్గం దిగితే ఆ రోజు కూలి పోగొట్టుకునే నేతన్నకైనా, హిందూపురం అంగడిలో దుకాణం మూయలేని చిరు వ్యాపారికైనా ఈ లెక్క తప్పదు. ఈ నేపథ్యంలో ఆ యాత్ర సాధ్యాసాధ్యాలను పరిశీలిద్దాం.

మైదానం పక్కనే తీరం

మధురవాడలోని ఏసీఏ-వీడీసీఏ స్టేడియానికి, రుషికొండ తీరానికి మధ్య దూరం పది కిలోమీటర్ల లోపే. 2005 ఏప్రిల్ 5న పాకిస్థాన్‌పై మహేంద్రసింగ్ ధోని 148 పరుగులు చేసింది ఈ మైదానంలోనే. 2016 నవంబరులో ఇంగ్లండ్‌తో తొలి టెస్టుకు ఆతిథ్యమిచ్చింది. 2024, 2025 ఐపీఎల్ సీజన్లలో ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు ఏటా రెండు మ్యాచ్‌లను ఇక్కడ సొంత మైదానంగా భావించి ఆడింది.

2025 సంవత్సరం మాత్రం విశాఖకు ప్రత్యేకం. మహిళల వన్డే ప్రపంచకప్‌లో ఐదు లీగ్ మ్యాచ్‌లు ఇక్కడ జరిగాయి. అక్టోబరు 9న దక్షిణాఫ్రికా చేతిలో, 12న ఆస్ట్రేలియా చేతిలో భారత్ మూడేసి వికెట్ల తేడాతో ఓడింది. రెండో మ్యాచ్‌లో మనవాళ్లు 330 పరుగులు చేసినా ఆస్ట్రేలియా ఛేదించి మహిళల వన్డేల్లో కొత్త రికార్డు నెలకొల్పింది. ఆ ఓటమిలోనూ మూడు వికెట్లు తీసిన స్పిన్నర్ శ్రీచరణిది కడప జిల్లాలోని ఒక పల్లె. ఇదే టోర్నీలో నవంబరు 2న నవీ ముంబయిలో జరిగిన ఫైనల్లో భారత్ 52 పరుగులతో గెలిచి తొలిసారి కప్పు అందుకుంది. సీమ పల్లె నుంచి వచ్చిన అమ్మాయి విశాఖ మైదానంలో ప్రపంచకప్ మ్యాచ్ ఆడటం మన ప్రాంత బాలికలకు ఎంత ధైర్యమిచ్చిందో వేరే చెప్పనవసరం లేదు. స్టేడియంలో మిథాలీ రాజ్, రావి కల్పనల పేర్లను నిలపడమూ ఆ సందర్భంలోనే జరిగింది.

ఆ ఏడాది చివర, డిసెంబరు 6న, పురుషుల జట్టు ఇదే మైదానంలో దక్షిణాఫ్రికాను తొమ్మిది వికెట్ల తేడాతో ఓడించి వన్డే సిరీస్ గెలుచుకుంది. అంటే రెండు నెలల వ్యవధిలో మన వారికి విశాఖ వెళ్లేందుకు పలు అవకాశాలు వచ్చాయన్నమాట. వాటిని ఎందరు వినియోగించుకోగలిగారన్నదే అసలు ప్రశ్న.

దారిలోనే ఖర్చంతా

హిందూపురం, ధర్మవరం మీదుగా విశాఖకు వెళ్లే బెంగళూరు-భువనేశ్వర్ ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఇక్కడి వారికి ప్రధాన ఆధారం. ధర్మవరం, అనంతపురం, గుంతకల్లు, నంద్యాల, గుంటూరు, విజయవాడ దాటుకుంటూ వెయ్యి కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం ప్రయాణిస్తుంది. మధ్యాహ్నం దాటాక రైలెక్కితే మరునాడు పొద్దెక్కిన తరువాత విశాఖలో దిగుతారు. మ్యాచ్ రోజు చేరుకుందామనుకుంటే కుదరదు. రైలు రెండు మూడు గంటలు ఆలస్యమైతే తొలి ఇన్నింగ్స్ చేజారినట్లే. కనుక ముందురోజే దిగవలసి ఉంటుంది.

డే-నైట్ మ్యాచ్ ముగిసేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. తిరుగు ప్రశాంతి మరునాడు మధ్యాహ్న వేళ. అంటే మ్యాచ్‌కు ముందు ఒక సాయంత్రం, తరువాత ఒక ఉదయం తప్పనిసరిగా చేతిలో మిగులుతాయి. వేలాది మంది అభిమానులకు సముద్రతీర విహారం ఇలా రైలు వేళలు ప్రసాదించిన వరమే తప్ప ముందుగా అనుకున్న విలాసం కాదు. అయితే ఆ వరానికి వెల ఉంది. రెండు రాత్రులు రైల్లో, రెండు రాత్రులు గదిలో గడపాలి. మ్యాచ్ రోజుల్లో బీచ్ రోడ్డు హోటళ్ల అద్దెలు మామూలు రోజుల్లో ఉన్నట్లు ఉండవు.

మహిళల ప్రపంచకప్ లీగ్ మ్యాచ్‌లకు టికెట్ ధర వంద రూపాయల నుంచే మొదలైంది. వంద రూపాయల టికెట్‌తో ప్రపంచకప్ చూడటం నిజంగా గొప్ప అవకాశమే. కానీ సీమ నుంచి వెళ్లే నలుగురు సభ్యుల కుటుంబానికి ఆ నాలుగు వందలు మొత్తం ఖర్చులో ఏ మూలకూ రావు. పురుషుల మ్యాచ్‌లకైతే టికెట్ ధర కూడా భారమే.

మరో చిక్కు కూడా ఉంది. 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు. మ్యాచ్ టికెట్ల అమ్మకం సాధారణంగా ఆ తరువాత, ఆట దగ్గరపడ్డాకే మొదలవుతుంది. ముందు రైలు టికెట్ కొంటే మ్యాచ్ టికెట్ దొరుకుతుందన్న హామీ లేదు. మ్యాచ్ టికెట్ దొరికాక చూస్తే రైల్లో సీటు ఉండదు. ఆన్‌లైన్‌లో కొన్నప్పటికీ కొన్నిసార్లు విశాఖలోని కౌంటర్‌కు వెళ్లి అసలు టికెట్ తీసుకోవలసి వస్తుంది. స్థానికుడికి అది గంట పని. మన వారికి అది కూడా ఒక పూట.

దగ్గరి దారులు లేవా?

దూరమే ప్రమాణమైతే మనకు దగ్గరి అంతర్జాతీయ మైదానం బెంగళూరు చిన్నస్వామి స్టేడియం. హిందూపురం నుంచి వంద కిలోమీటర్ల చిల్లర. ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. కానీ అక్కడ సముద్రం లేదు. పైగా 2025 జూన్ 4న ఐపీఎల్ విజయోత్సవంలో ఆ స్టేడియం వెలుపల జరిగిన తొక్కిసలాటలో 11 మంది మరణించారు. ఆ దుర్ఘటన తరువాత మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు బెంగళూరు నుంచి నవీ ముంబయికి తరలిపోయాయి. అభిమానం ఎంత ఉన్నా జన ప్రవాహాన్ని అదుపు చేసే ఏర్పాట్లు లేకుంటే ఏమవుతుందో చెప్పేందుకు ఇంతకన్నా చేదు ఉదాహరణ అక్కరలేదు.

చెన్నై మరో మార్గం. చెపాక్ స్టేడియానికి మెరీనా తీరం కూతవేటు దూరమే. హిందూపురం నుంచి బెంగళూరు మీదుగా సుమారు 450 కిలోమీటర్లు. విశాఖ దూరంలో సగం కూడా లేదు. ఆట, అలలు రెండూ చూడాలనుకునే వారికి లెక్క ప్రకారం చెన్నైయే లాభం. అయినా సొంత రాష్ట్రం, సొంత భాష, దారి పొడవునా తెలిసిన ఊళ్లు అన్న భావన చాలామందిని విశాఖ వైపే నడిపిస్తోంది.

తుపాను మాటున షెడ్యూలు

విశాఖ యాత్రకు అక్టోబరు, నవంబరు నెలలు ఆహ్లాదకరమే. అయితే తుపాన్ల కాలమూ అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేయడంతో 14న వెస్టిండీస్‌తో జరగవలసిన వన్డే రద్దయింది. సరిగ్గా పదకొండేళ్ల తరువాత అదే అక్టోబరు 12న భారత్, ఆస్ట్రేలియా మహిళల మ్యాచ్ నిర్విఘ్నంగా సాగింది. కానీ అదే నెల 26న ఇంగ్లండ్, న్యూజిలాండ్ మ్యాచ్ ముగిసిన రెండు రోజులకే మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. విశాఖ మీదుగా నడిచే అనేక రైళ్లు రద్దయ్యాయి. స్థానికుడు ఇంట్లో తలుపు వేసుకుంటాడు. వెయ్యి కిలోమీటర్ల దూరం నుంచి వెళ్లినవాడు ఎక్కడ తలదాచుకోవాలి? రద్దయిన రైలుకు టికెట్ సొమ్ము తిరిగి రావచ్చు. గది అద్దె, పోయిన కూలి తిరిగి రావు.

అలలతో ఆటలొద్దు

అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రాణం. మన వారికి బావిలో, చెరువులో ఈత తెలుసు. సముద్రం వేరు. మోకాలి లోతు నీటిలో నిలబడ్డ మనిషిని కూడా వెనక్కి మళ్లే అల కాళ్ల కింది ఇసుకతో సహా లాగేస్తుంది. రామకృష్ణా బీచ్‌లో రాళ్ల మధ్య స్నానాలకు దిగడం మరింత ప్రమాదం. మ్యాచ్ గెలిచిన ఉత్సాహంలో అర్ధరాత్రి తీరానికి వెళ్లడం, మద్యం సేవించి నీటిలోకి దిగడం ఎంతమాత్రం తగదు. ప్రవాహం లాగినప్పుడు ఎదురీదకుండా తీరానికి సమాంతరంగా పక్కకు ఈదాలి. రక్షక సిబ్బంది ఉన్నచోట, పగటి వేళ, వారు చెప్పిన హద్దులోనే ఉండాలి.

స్నానం చేస్తేనే సముద్రం చూసినట్లు కాదు. 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, తొట్లకొండ బౌద్ధ శిథిలాలు, భీమిలిలోని డచ్చి వారి సమాధులు పిల్లలకు పాఠం కన్నా ఎక్కువ చెబుతాయి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ తీరం నిర్వహణ లోపాల కారణంగా 2025లో ఆ గుర్తింపును తాత్కాలికంగా కోల్పోయి, సరిదిద్దుకున్నాక తిరిగి దక్కించుకుంది. పేరు వచ్చిన చోటును నిలబెట్టుకోవడం ఎంత కష్టమో అక్కడి అధికారులకు తెలిసివచ్చింది. మనం కూడా గుర్తుంచుకోదగిన పాఠమది.

మన గడపలో మాటేమిటి?

ఎందుకంటే ఆట మన గడపకూ వచ్చింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆరు మ్యాచ్‌లలో ఐదు అనంతపురంలోని ఆర్డీటీ మైదానంలోనే జరిగాయి. శ్రేయస్ అయ్యర్, రుతురాజ్ గైక్వాడ్, సంజూ శాంసన్, ఇషాన్ కిషన్ వంటి వారిని ధర్మవరం యువకులు గంట ప్రయాణంలో వెళ్లి కళ్లారా చూశారు. ఆ రోజుల్లో బయటి నుంచి వచ్చినవారు ఆట ముగిశాక ఎక్కడికి వెళ్లారు? యునెస్కో తాత్కాలిక జాబితాలో 2022లో చేరిన లేపాక్షి ఉంది. విజయనగర రాజులకు ఆశ్రయమిచ్చిన పెనుకొండ కోట ఉంది. ధర్మవరంలో పట్టుచీర మగ్గంపై రూపుదిద్దుకునే తీరు ఉంది. ఈ మూడింటినీ కలిపి ఒక్క రోజు యాత్రగా చూపే ఏర్పాటు మాత్రం కానరాదు. విశాఖకు సముద్రం ఉంది, నిజమే. కానీ విశాఖ లాభపడుతున్నది సముద్రం వల్ల మాత్రమే కాదు. వచ్చినవాడిని మరో పూట ఆపగలగడం వల్ల.

చేయదగినవి పెద్ద పనులేమీ కావు. విశాఖలో అంతర్జాతీయ మ్యాచ్ ఖరారైనప్పుడు ధర్మవరం మీదుగా ఒక ప్రత్యేక రైలు నడపాలని రైల్వేను కోరవచ్చు. పండుగలకు నడుపుతున్నప్పుడు ఆటకు నడపకూడదన్న నియమమేమీ లేదు. దూర ప్రాంతాల వారికి టికెట్ కౌంటర్ బెడద లేకుండా ఫోన్‌లోని టికెట్‌తోనే లోపలికి అనుమతించవచ్చు. ప్రభుత్వ పాఠశాలల బాలికల జట్లకు ఏటా ఒక్క మ్యాచ్ చూపించే బాధ్యతను క్రికెట్ సంఘం తీసుకుంటే అది ఖర్చు కాదు, పెట్టుబడి.

మడకశిర, రొద్దం పల్లెల్లో టెన్నిస్ బంతితో ఆడుకునే ఆడపిల్ల ఒకరోజు గ్యాలరీలో కూర్చుని, మరునాడు ఉదయం అలల ముందు నిలబడితే, తిరుగు రైల్లో ఆమె వెంట వచ్చేది గవ్వల సంచి ఒక్కటే కాదు. ఆ అవకాశం డబ్బున్న నాలుగు ఇళ్లకే పరిమితం కాకుండా చూడవలసిన బాధ్యత మాత్రం పాలకులదే.