ఓవరాక్షన్ ఎవరిది?

"ఏంట్రా, ఓవరాక్షన్ చేస్తన్నావ్?" ఈ మాట పడకుండా పెరిగిన పిల్లోడు మన పేటల్లో ఉన్నాడా? టీ కొట్లో మాకు వేరే గ్లాసెందుకని అడిగితే ఓవరాక్షన్. కులం పేరెత్తి పిలుస్తావేంటని నిలదీస్తే ఓవరాక్షన్. కూలి తగ్గించావన్నా అదే మాట.

వెనకటికి దీన్నే 'శివాలెత్తడం' అనేవాళ్లు, ఇప్పటికీ అంటున్నారు. శివం అంటే పూనకం. ఎల్లమ్మ జాతరల్లో మనోళ్ల ఒంటిమీదికొచ్చేదే అది. ఎగతాళికే అన్నా, ఆ మాట మనిషి నిజంగానే ఊగిపోతున్నాడని ఒప్పుకుంటుంది. ఓవరాక్షన్ అట్లా కాదు. ఇది నాటకాల, సినిమాల నుంచి వచ్చిన మాట. వేషగాడు సందర్భానికి మించి ఏడ్చినా అరిచినా ఇంగ్లీషులో ఓవర్ యాక్టింగ్ అంటారు. మనోళ్ల నోట పడి ఓవరాక్షన్ అయింది. (సినిమావాళ్లని అనుకుంటే మాకేం పేచీ లేదు. కొందరు హీరోలు దానికే కోట్లు పుచ్చుకుంటున్నారు!) అవమానపడ్డ మనిషిని ఆ మాటంటే అర్థమేంటి? నీ కోపం వేషం, నీ ఏడుపు దొంగేడుపు అని. చేసిన తప్పుని కాదనే పని కూడా లేదు. నీకు నొప్పే లేదంటే చాలు, తప్పు చేసినోడు ఒడ్డునపడతాడు.

పోనీ, అతి ఎవరిదో చూద్దాం. కారంచేడులో మన మంచినీళ్ల చెరువులో గేదెల కుడితి బకెట్ కడగొద్దన్న దగ్గర గొడవ మొదలైంది. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. దానికి 1985 జూలై 17న పేట మీద పడి 6గురిని చంపారు. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలెట్టి 1991 ఆగస్టు 6న 8 మందిని నరికారు, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. కాలు తగిలితే 8 ప్రాణాలు! దీనికి ఓవరాక్షన్ అనే మాట ఎవరి నోటా రాదేం?

స్టేషన్లో కూడా ఇదే మాట వినపడుతుంది. కార్యకర్తలు జాగ్రత్తగా ఉండాలి. 1989 అట్రాసిటీ చట్టానికి 2016 నుంచి అమల్లోకొచ్చిన సవరణ ప్రకారం, నోటితో చెప్పిన ఫిర్యాదుని పోలీసు రాసుకోవాలి, చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ కట్టాలి, నకలు ఇవ్వాలి. కావాలని కట్టకపోతే 4వ సెక్షన్ ఆ అధికారికే తగులుతుంది. అందుకని మనోళ్లు చెప్పేటప్పుడు పక్కన కూర్చోండి. తిట్టిన మాట తిట్టినట్టే, ఎక్కడ తిట్టాడో, ఎవరెవరు విన్నారో రాయించండి. ఏడుస్తూ చెప్తే ఏడవనివ్వండి, ఆగి మళ్లీ చెప్పించండి. చదివి వినిపించేదాకా వేలిముద్ర వెయ్యనివ్వొద్దు.