అక్క పాలు, పాలసొర, ఒక ఫార్వర్డ్ వీడియో

ఈ సంచికకి తల్లిపాల మీద రాస్తానంటే మన క్లబ్ గ్రూపులో నవ్వే ఎమోజీలు పదకొండు పడ్డాయి. లెక్కపెట్టా. "సివిల్ థర్డ్ ఇయర్ వాడికి ఈ టాపిక్ ఏందిరా" అని ఒకడు, "లవ్ కవిత రాసుకో బాబూ" అని ఇంకొకడు. ఎందుకు రాస్తున్నానో చెప్తా. నవ్వాలనిపిస్తే చివర్లో నవ్వండి.

మా అక్క పురిటికి మా ఇంటికొచ్చింది. వాకాడు మండలంలో, రాత్రిళ్ళు సముద్రం హోరు మంచం దాకా వినపడే ఊరు మాది. 2022లో కాగితాల మీద తిరుపతి జిల్లాకి మారాం గానీ మా ఇంట్లో మాట ఇంకా నెల్లూరు మాటే. ఆడపిల్ల పుట్టింది. పద్దెనిమిదో రోజున అక్క ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. "తల్లిపాలలో యురేనియం! నమ్మలేని నిజాలు!" అని పెద్దక్షరాలు, వెనకాల దెయ్యం సినిమా మ్యూజిక్. ఆ శనివారం నేను హాస్టల్ నుంచి ఇంటికెళ్ళేసరికి అలమరలో కొత్త పాల డబ్బా కూర్చోనుంది. అక్క గోడవైపు తిరిగి పడుకోనుంది. బిడ్డ ఏడుస్తా ఉంది.

"నా పాలల్లోనే విషం ఉంటే ఎట్టరా? చేతులారా నేనే తాపుకోవాల్నా?" అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఫోన్‌లో ఆ వీడియో వెనకున్న అసలు పరిశోధన వెతుక్కుని చదివా. చదివాక కోపమొచ్చింది, పరిశోధకుల మీద కాదు.

2025 నవంబరులో సైంటిఫిక్ రిపోర్ట్స్ అనే జర్నల్‌లో వచ్చిందది. బీహార్‌లో ఆరు జిల్లాల నుంచి 40 మంది తల్లుల పాలు తీసి పరీక్షించారు. అందరి పాలల్లోనూ యురేనియం ఆనవాళ్ళున్నాయి. అన్నిటికంటే ఎక్కువొచ్చిన అంకె లీటరుకి 5.25 మైక్రోగ్రాములు. మైక్రో అంటే మిల్లీలో వెయ్యో వంతు. మనం వైవాలో తడబడే యూనిట్ అదే. లీటరుకి ఒక మైక్రోగ్రాము అంటే వంద కోట్ల వంతుల్లో ఒక వంతు. తాగే నీళ్ళలో యురేనియం 30 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే ఆ 40 మందిలో అందరికంటే ఎక్కువున్న తల్లి పాలు కూడా, యురేనియం లెక్కలో, ఆ నీళ్ళ హద్దుకి ఆరో వంతు దగ్గరే ఉన్నాయి. పసిబిడ్డ ఒళ్ళు చిన్నది కాబట్టి లెక్క కడితే దాదాపు 70 శాతం పిల్లలకి కొంత రిస్కు ఉండొచ్చని కూడా వాళ్ళు రాశారు, అది దాచను. కానీ అదే పేపర్‌లో, తల్లులు పాలివ్వడం ఆపొద్దని కూడా ఆ పరిశోధకులే చెప్పారు. వీడియోలో ఆ ముక్క లేదు. మ్యూజిక్ మాత్రం ఉంది.

నా గొడవంతా ఆ హెడ్డింగ్ మీదే. యురేనియం ఆ తల్లి ఒంట్లో పుట్టలేదు. భూమిలోంచి నీళ్ళలోకి, నీళ్ళలోంచి ఆమెలోకి వచ్చింది. మరి "బోరు నీళ్ళలో యురేనియం" అని ఎందుకు పెట్టరు? అట్టా పెడితే ఎవరూ క్లిక్ చెయ్యరు కాబట్టి. కడప జిల్లాలో తుమ్మలపల్లె యురేనియం ప్లాంటు పక్కన కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు తమ బోర్లు పాడయ్యాయని ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. ఆ వార్త మా అక్క ఫోన్‌కి ఎప్పుడూ రాలేదు. అదే విషయం తల్లి రొమ్ము దగ్గరికి వచ్చేసరికి అందరి ఫోన్లకీ వచ్చింది. నేరం చేసింది ఎవరైనా, సంజాయిషీ మాత్రం బాలింతే చెప్పుకోవాలి.

పైగా డబ్బా పాలు దేంతో కలుపుతారు? నీళ్ళతోనే కదా. మా ఊళ్ళో బోరు కొడితే ఉప్పు నీళ్ళొస్తాయి, ఇరవై లీటర్ల క్యాన్లు కొనుక్కుంటాం. ఆ క్యాన్ నీళ్ళలో ఏముందో ఎవరైనా టెస్ట్ చేశారా అని అక్కనడిగితే నా వైపు తెల్లమొహం వేసింది. తల్లి ఒళ్ళు చాలా లోహాలకి అడ్డుగోడలాంటిది. దీనికి మంచి ఉదాహరణ అర్జెంటీనాలో ఉంది. అక్కడ ఆండీస్ కొండల్లో ఒక ఊరి నీళ్ళలో లీటరుకి 200 మైక్రోగ్రాముల దాకా ఆర్సెనిక్ ఉండేది. 1998లో అక్కడి తల్లుల పాలు పరీక్షిస్తే రెండు, మూడు మైక్రోగ్రాములే వచ్చింది. అదే నీళ్ళతో డబ్బా పాలు కలిపుంటే? ఆ గోడ తీసేసి, నీళ్ళలో ఉన్నదంతా నేరుగా బిడ్డ నోట్లో పోసినట్టే.

అయితే గోడకి కన్నాలు లేవని కాదు. సీసం సంగతి వేరే. ఒంట్లోకి వెళ్ళిన సీసం ఎముకల్లో దాక్కుంటుంది, పదుల సంవత్సరాలు అక్కడే ఉంటుంది. బిడ్డకి పాలు తయారు చేయడానికి ఒళ్ళు ఎముకల్లోంచి కాల్షియం తీస్తుంది కదా, దాంతోపాటు ఈ పాత సీసం కూడా కదులుతుంది. మన దేశంలో పెట్రోల్‌లో సీసం కలపడం 2000 దాకా ఉంది. మా అక్క పుట్టింది అంతకుముందే. మా ఇంట్లో ఇంకో దారి కూడా ఉంది. మా మామ విసురు వలకి సీసం గుండ్లు కడతాడు. చిన్నప్పుడు ఆయన పెరట్లో పాత సీసం కరిగించి గుండ్లు పోస్తుంటే నేనూ అక్కా పక్కనే కూర్చుని, వెండిలాగా మెరుస్తుంటే నోరు తెరుచుకుని చూసేవాళ్ళం. నోరు తెరుచుకుని అనేది ఇప్పుడు తల్చుకుంటే భయమేస్తుంది.

కంగారు పడకండి. అమెరికాలో సీడీసీ కూడా తల్లి రక్తంలో సీసం డెసీలీటరుకి 40 మైక్రోగ్రాములు దాటితేనే పాలు ఆపమంటుంది, అది చాలా పెద్ద అంకె. ఒంట్లో లోహం దొరకడం ఒకటి, జబ్బుకి అదే కారణం కావడం ఇంకోటి. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఫిట్స్‌తో పడిపోతే ముందు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని వార్తలొచ్చాయి. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించారు. మొదటి రోజు హెడ్డింగ్ పట్టుకుని ఉండిపోతే అట్టుంటది.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్న విషయం. సీసం, కాల్షియం, ఇనుము ఒకే బస్సు ఎక్కే ప్యాసింజర్లు. పేగుల్లో ఇనుముని లోపలికి తీసుకెళ్ళే ప్రోటీనే సీసాన్నీ తీసుకెళ్తుంది. పండగ ముందు రోజు గూడూరు బస్టాండులో బస్సు ఊహించుకోండి. సీట్లన్నీ ఇనుము, కాల్షియం పట్టుకుంటే సీసానికి చోటు దొరకదు. సీట్లు ఖాళీగా ఉంటే హాయిగా కర్చీఫ్ వేసేసుకుంటుంది. ఇనుము తక్కువున్న ఒళ్ళు సీసాన్ని ఎక్కువ పీల్చుకునేది అందుకే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రాలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సగానికి పైగా బస్సుల్లో సీట్లు ఖాళీ. ఇది యురేనియం కంటే నన్ను ఎక్కువ భయపెట్టిన అంకె. దీని మీద మ్యూజిక్ పెట్టిన వీడియో నాకింకా రాలేదు.

మెక్సికో సిటీలో పాలిచ్చే తల్లులకి రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చి చూస్తే పాలల్లో సీసం 5 నుంచి 10 శాతం తగ్గింది. పెద్ద అంకె కాదు, ఒప్పుకుంటా. కానీ మన దగ్గర ఆ బిళ్ళలు ఉచితంగానే ఇస్తారు. గర్భంలో ఉన్నప్పుడూ, కాన్పయ్యాక ఆర్నెల్ల దాకానూ, కాల్షియం రోజుకి రెండు, ఇనుము బిళ్ళ రోజుకి ఒకటి. రెండూ ఒకేసారి మాత్రం వేసుకోకూడదు.

"అక్కా, నీ బిళ్ళలేవి?" అన్నా.

కాన్పు కాగానే ఆపేసిందంట. "బిడ్డ బయటికొచ్చాక నాకెందుకురా? పైగా కడుపు బిగదీస్తుండాది." స్టీలు డబ్బాలో రబ్బరు బ్యాండు వేసిన స్ట్రిప్పులు అట్టే ఉన్నాయి. పాల డబ్బాకి వందల రూపాయలు పోసి, ఉచితంగా వచ్చినవాటిని పక్కన పెట్టాం.

ఇక అమ్మమ్మతో యుద్ధం. మా తీరంలో బాలింతకి పాలు పడాలంటే పాలసొర పెట్టాల్సిందే. పేరులోనే పాలున్నాయి చూశారా. ఇంగ్లీషులో కూడా ఆ చేపని మిల్క్ షార్క్ అనే అంటారు. ఆ పేరుకి కారణం మన దేశపు బాలింతల నమ్మకమే. అమ్మమ్మ చేసే సొర పుట్టు వాసన వీధి చివరిదాకా వస్తుంది, నాకూ ప్రాణం. కానీ సొర వేటాడి తినే చేప. చిన్న చేపల్లో ఉన్న పాదరసమంతా దాని కండలో పోగవుతుంది. పాలిచ్చే తల్లులు సొరచేప తినొద్దని చాలా దేశాల సలహా. మళ్ళీ చేపలే మానెయ్యమని కాదు. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు చిన్నవి, పాదరసం తక్కువ, ముల్లుతో సహా నమిలే నెత్తళ్ళలో కాల్షియం అదనం.

"నీకు సదువెక్కువైంది అబ్బయ్యా, మీ అమ్మని కన్నప్పుడు నేను తిన్నది సొరే" అని అమ్మమ్మ గరిట ఎత్తింది. కాసేపటికి చల్లబడి, "సొర వద్దంటే మానేస్తా, రేపు నెత్తళ్ళు తెప్పిస్తా. పాలు వద్దనేవోడెవుడో వాణ్ణి మాత్రం నా గడప తొక్కనీను" అంది. యురేనియం సంగతేమీ తెలియకుండానే బీహార్ పరిశోధకులు చెప్పిందే చెప్పింది. నేను మూడు గంటలు చదివి తెలుసుకున్నది.

తల్లిపాలల్లో ఇనుము లీటరుకి అర మిల్లీగ్రాము కూడా ఉండదు. కానీ అందులో సగం దాకా బిడ్డ ఒంటికి పడుతుంది. డబ్బాల్లో అంతకి ఎన్నో రెట్లు కలుపుతారు, పట్టేది చిన్న భాగమే. జింకు ముర్రుపాలల్లో ఎక్కువ, నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే ఆర్నెల్లకి అన్నప్రాశన పెట్టాక ఇంకేదైనా తినిపించాలి. ఈ లెక్కలు అక్కకి చెప్తుంటే మధ్యలోనే బిడ్డని ఒళ్ళోకి తీసుకుంది. నేను లేచి వసారాలోకి వచ్చేశా.

మన కాలేజీ ఎన్విరాన్మెంటల్ ల్యాబ్‌లో బ్యూరెట్‌తో నీళ్ళ హార్డ్‌నెస్, క్లోరైడ్లు చూస్తాం. సీసం కొలిచే మిషను మన దగ్గర లేదు. అయినా ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి మా బ్యాచ్ తరఫున వాకాడు మండలంలో ఊరికొక క్యాన్ నీళ్ళు, ఒక బోరు నీళ్ళు సీసాల్లో పట్టి, మిషనున్న ల్యాబ్‌కి పంపుదామని సార్‌ని అడిగా. డబ్బులెవరు కడతారన్నారు. న్యాయమైన ప్రశ్నే. పదకొండు ఎమోజీలు పెట్టినవాళ్ళు మనిషికి వంద వేస్తే మొదటి సాంపిల్స్‌కి ఆసరా అవుతుంది.

ఆదివారం సాయంత్రం పాల డబ్బా షాపులో వెనక్కి ఇవ్వబోతే సీలు తీశారని తీసుకోలేదు. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఖాళీ చేసిస్తే సీసం గుండ్లు వేసుకుంటానన్నాడు. ఇంట్లో కాదు, పడవ దగ్గరే పెట్టుకుంటానని ఒట్టేశాక ఇచ్చా.