ఇంటిపనికి కువైట్ వెళ్లినవాళ్లు ఏ అభివృద్ధి లెక్కలోకి వస్తారు?

వలసల వల్ల దేశాలు ఎదుగుతాయని, కొత్త ఆవిష్కరణలు పుడతాయని చెప్పేవాళ్లు అమెరికాలోని మన ఇంజనీర్లనే చూపిస్తారు. మా అత్తిలి, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్లిన ఆడవాళ్లు ఆ మాటల్లో ఎక్కడా ఉండరు. ఈ రెండు వలసలనూ విడదీసి చూడడమే తప్పని నా అభిప్రాయం.

పాట్రీషియా కోర్టెస్, హోసే టెస్సాడా అనే ఆర్థికవేత్తలు 2011లో అమెరికా గురించి ఒక అధ్యయనం ప్రచురించారు. పెద్ద చదువులు లేని వలస కార్మికులు పెరిగిన నగరాల్లో, బాగా చదువుకున్న స్త్రీలు ఇంటిపని తగ్గించుకుని ఉద్యోగానికి ఎక్కువ గంటలు ఇవ్వగలిగారని అందులో తేలింది. డాక్టర్లు, లాయర్లు, పీహెచ్‌డీలు చేసినవాళ్లలో ఇది మరీ స్పష్టం. (మగవాళ్లు అంట్లు తోమడం మొదలుపెట్టారని మాత్రం అనుకోకండి!) అంటే ఆవిష్కరణ వెనక కూడా ఒక పనిమనిషి ఉంది.

మనకిది కొత్త కాదు. నరసాపురం లేసు కార్మికుల మీద మరియా మీస్ 1982లోనే పుస్తకం రాసింది. లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, అల్లినవాళ్లు తీరిక వేళ ఏదో చేసుకునే గృహిణులుగానే చలామణీ అయ్యారు. అప్పుడు సరుకు వెళ్లింది, ఇప్పుడు మనిషే వెళ్తోంది.

చట్టాల్లోనూ అదే తేడా. హెచ్-1బి మీద ఉన్న ఇంజనీరు, కొత్త కంపెనీ దరఖాస్తు పెట్టగానే అందులో చేరే వీలు అమెరికా 2000లో కల్పించింది. కువైట్‌లో ఇంటిపని వీసా కఫీల్‌తో ముడిపడి ఉంటుంది. జీతం ఎగ్గొట్టాడని ఇల్లు దాటి వచ్చేస్తే "పారిపోయింది" అని కేసు. మనవాళ్ల భాషలో ఆమె ఇక "కల్లివెల్లి". 2015లో కువైట్ చేసిన 68వ నెంబరు చట్టం వారానికో సెలవు ఇవ్వాలంది, రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదంది, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదంది. తలుపులు మూసిన ఇంట్లో చూసేదెవరు?

మన ప్రభుత్వమో, పదో తరగతి పాసవని స్త్రీకి 30 ఏళ్లు నిండితేగాని అక్కడికి పంపనంటుంది. అప్పులున్న మనిషి ఆగుతుందా? ఏజెంటు విజిట్ వీసా మీద విమానం ఎక్కిస్తాడు. ఇక ఆమె పేరు ఏ రికార్డులోనూ ఉండదు. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు, మన రాష్ట్రంలో ఓంక్యాప్ ఉంది. కానీ వీధి చివర ఉన్నది ఏజెంటే.

వయసు నిబంధన ఎత్తేసి, మండల కేంద్రంలోనే నమోదు పెట్టాలని, ఒప్పందాన్ని తెలుగులో చదివి వినిపించాలని మనం అడగాలి. గృహకార్మికులపై 2011 నాటి ఐఎల్‌ఓ 189వ ఒడంబడికను భారతదేశం ఇంకా ఆమోదించలేదు, అదీ అడగాలి. ఈలోగా ఎవరు ఏ వీసా మీద, ఏ ఏజెంటు ద్వారా వెళ్లారో మన సంఘాలే ఇంటింటికీ తిరిగి రాసుకుంటే, ఆ జాబితా పట్టుకుని కలెక్టరు దగ్గరకు వెళ్లొచ్చు.