బదిలీ లేని మనిషి

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లని మీ సొంతూరేదని అడిగి చూడండి. టెక్కలి అనో, పలాస అనో, చీపురుపల్లి అనో జవాబొస్తుంది. ఇంకాస్త కదిపితే, ఆ ఊరి నుంచి వచ్చింది తాతగారని, తాము పుట్టి పెరిగింది రైల్వే క్వార్టర్స్‌లోనేనని తెలుస్తుంది. ఆ ఊళ్లో ఇల్లూ ఉండదు, పొలమూ ఉండదు. అయినా అడగ్గానే నోటికి ఆ పేరే వస్తుంది.

రైలు ఊళ్ల సంగతే అంత. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ పట్టాలు వేసింది, తర్వాత పెద్ద వర్క్‌షాపు పెట్టింది. ఉత్తరాంధ్ర నుంచి మనవాళ్లు, ఒడిశా నుంచి, బీహారు నుంచి, పంజాబు నుంచి ఎవరెవరో వచ్చి చేరారు. తెలుగువాళ్ల మాతా పూజలు, బెంగాలీల దుర్గా పూజలు అన్నీ కలిసి ఊరి పండగలయ్యాయి. మథురాకాటీలోనైనా, నిమ్‌పురాలోనైనా రైల్వే క్వార్టరు మాత్రం ఎవరి సొంతమూ కాదు. బదిలీ ఆర్డరు వస్తే సామాను సర్దుకోవాలి. రిటైరైతే తాళాలు అప్పగించాలి.

ఇలా అందరూ ఎక్కడి నుంచో వచ్చినవాళ్లే అయిన ఊరు, ఒకే మనిషిని పదిసార్లు శాసనసభకు పంపింది. ఆయన పేరు జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్. ఊరందరికీ ఆయన చాచా. 1925లో పుట్టిన సిక్కు. బెంగాలీలకూ తెలుగువాళ్లకూ ఆయన తమ భాషవాడు కాదు, తమ కులంవాడు అంతకన్నా కాదు.

1970లలో సిద్ధార్థ శంకర్ రే కాంగ్రెస్ ప్రభుత్వంలో ఆయన మంత్రిగా ఉన్నారు. 1977లో బెంగాల్ వామపక్షాల చేతికి వెళ్లి, 34 ఏళ్లు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఆ రోజుల్లో కాంగ్రెస్ ఎమ్మెల్యేకి మంత్రి పదవి కలలో మాట. అప్పటి రాష్ట్ర సచివాలయం రైటర్స్ బిల్డింగ్‌లో తన మాట చెల్లుతుందన్న భరోసా కూడా ఉండదు. అయినా 1982 నుంచి ఖరగ్‌పూర్ ఎన్నిక తర్వాత ఎన్నికలో ఆయన్నే గెలిపిస్తూ వచ్చింది. 2011లో ప్రభుత్వం మారినప్పుడు కొత్త సభకు ప్రొటెం స్పీకర్‌గా కూర్చుని, సభ్యులందరితో ప్రమాణం చేయించిందీ ఆయనే. అప్పటికి ఎనభై ఆరేళ్లు.

రాజకీయ జీవితం అనగానే మన మనసు ఎత్తులు లెక్కపెడుతుంది. మొదట ఏమయ్యారు, తర్వాత ఏమయ్యారు, చివరికి ఎక్కడిదాకా వెళ్లారు అని. ఆ లెక్కకు సరిపోయే జీవితం కూడా ఈ పట్టాల మీద నడిచిందే. బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి, 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు ఉద్యోగాల కోతకు ఎదురు నిలిచినప్పుడు వాళ్ల యూనియన్ నాయకుడు. తర్వాత రాజాజీ మంత్రివర్గంలో మద్రాసులో మంత్రి, సిలోన్‌లో హైకమిషనర్, ఢిల్లీలో కేంద్రమంత్రి. ఉత్తరప్రదేశ్‌కి, కేరళకి, మైసూరుకి గవర్నరు. 1969లో రాష్ట్రపతి. కాలికి బలపం కట్టుకుని తిరిగిన జీవితం అది. గొప్ప జీవితమే, సందేహం లేదు.

చైనాలోనైతే ఇలా తిరగడమే పద్ధతి. రాజుల కాలంలో అక్కడ అధికారిని సొంత రాష్ట్రంలో నియమించేవారు కాదు. చుట్టరికాలు అడ్డొస్తాయని భయం. ఆ అలవాటు జాడలు ఇప్పటికీ ఉన్నాయి. షీ జిన్‌పింగ్ పైకొచ్చిన దారే చూడండి. హెబెయ్‌లో ఒక కౌంటీ, ఆ పైన ఫూజియాన్, తర్వాత జెజియాంగ్, షాంఘై, చివరికి బీజింగ్. చదువుతుంటే మన రైల్వే అధికారుల సర్వీసు రికార్డు గుర్తుకొస్తుంది.

తిరిగినవాడికి లోకం తెలుస్తుంది. నిజమే. అయితే ఉండిపోయినవాడికి తెలిసేది ఇంకొకటి ఉంది. దీర్ఘకాలం ఒకేచోట ఉన్న మనిషి దగ్గరికి వెళ్తే కథ మొదటి నుంచీ చెప్పుకోనక్కర్లేదు. వీధి చివర పాత డాక్టరుగారిలా, నాన్నకి ఏముండేదో, తాత ఎలా పోయారో ఆయనకి ముందే తెలిసి ఉంటుంది. పని అవుతుందో లేదో తర్వాత సంగతి. మనం ఫలానా అని గుర్తుపట్టే మనిషి ఒకరున్నారంటే, సగం బరువు గుమ్మంలోనే దిగిపోతుంది. సొంతూరు పేరు తాతల దగ్గర అప్పు తెచ్చుకునే ఊళ్లో ఆ గుర్తింపు విలువ ఇంకాస్త ఎక్కువేమో.

మనం మాత్రం ఉండిపోవడాన్ని పెద్దగా లెక్కచేయం. పెళ్లిళ్లలో చాలా ఏళ్లకి కలిసిన స్నేహితుణ్ణి ‘‘ఇంకా అక్కడే ఉన్నావా?’’ అని అడుగుతాం. అందులో చిన్న జాలి ఉంటుంది, మనకే తెలియకుండా. అతనూ కాస్త నొచ్చుకుంటూనే, అమ్మానాన్నలనో, పిల్లల చదువులనో కారణం చెబుతాడు. హైదరాబాదు నుంచి, డల్లాస్ నుంచి వచ్చినవాళ్లని ఎందుకు వెళ్లారని ఎవరూ అడగరు. ఉన్నవాడే సంజాయిషీ చెప్పుకోవాలి. మనం వెళ్లిపోయాక మన వీధిలో పెద్దవాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్లిందీ, గుడి పండక్కి చందాలు పోగుచేసిందీ, చావుకి ముందుగా వచ్చి నిలబడిందీ ఆ ఉండిపోయినవాడే అని మనకి గుర్తుండదు.

ఉండిపోయినంత మాత్రాన కాలం ఆగదు. 2016లో చాచా మళ్లీ నిలబడ్డారు. తొంభై ఒక్కేళ్లు. జీవితమంతా ఎదిరించిన వామపక్షాలు ఈసారి పొత్తులో పక్కన ఉన్నాయి. అయినా బీజేపీ అభ్యర్థి దిలీప్ ఘోష్ చేతిలో ఆరు వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. మరుసటి ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. గెలిచినాయన మూడేళ్లకి లోక్‌సభకు వెళ్లారు. ఊరు కొత్త మనుషుల్ని ఎన్నుకుంటూ తన దారిన తాను సాగుతోంది. అది అలాగే సాగాలి కూడా.

గెలుపుల సంగతలా ఉంచితే, ఆ ఓటమిలో ఒక విషయం మనసుకి తడుతుంది. చివరి ఎన్నికలోనూ ఆయనకి యాభై వేలకు పైగా ఓట్లు పడ్డాయి. తొంభై ఒక్కేళ్ల మనిషి రేపు తమకేదో చేసిపెడతారని ఆశపడి అంతమందీ వేసి ఉండరు. పొత్తు తెచ్చినవి కొన్ని, పార్టీ మీద అభిమానంతో పడ్డవి కొన్ని. మిగిలినవి మాత్రం, ఇన్నేళ్లూ తమ మధ్య ఉన్నందుకు జనం ఆయనకి చెల్లించుకున్న బాకీ అనిపిస్తుంది.